గిటారు మన భుజానికి సర్దుకున్న కథ

"కాస్త సర్దుకో అమ్మా" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో ఉండదు. బస్సులో సీటు దగ్గర నుంచి అత్తవారింటి అలవాట్ల దాకా సర్దుకోవడం మన వంతు. వంటింటి గట్టు ఎత్తు కుదరకపోతే మనమే మునివేళ్ల మీద నిలబడతాం. గ్రైండరు బరువైతే మనమే నడుం బిగిస్తాం. వస్తువు మారాలి అని అడగడం మనకు తోచదు. వాద్యాల విషయంలో ఈ అలవాటు మరీ ఎక్కువ. వీణైనా, వయొలినైనా, గిటారైనా పెద్దవాళ్లు ఏనాడో తేల్చిపెట్టిన రూపాలనీ, మన ఒళ్లే వాటికి తగ్గట్టు వంగాలనీ అనుకుంటాం.

రెండేళ్ల కిందట నా కుడి భుజంలో ఆర్థరైటిస్ ఉందని తేలింది. అప్పటికి గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. మానేయడం సులువే. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, పైగా "మంచి పని చేశావు" అంటారు. మానకుండా వాయించుకోవాలంటే ఎలాంటి గిటారు కావాలి అని వెతకబోయి, ఆ వాద్యం చరిత్రలోకి వెళ్లాను. అక్కడ నాకు ధైర్యాన్నిచ్చిన సంగతి ఒకటి దొరికింది. గడిచిన 200 ఏళ్లలో గిటారు ఆకారం ఎన్నోసార్లు మారింది. కొన్నిసార్లు హాలు కోసం మారింది, కొన్నిసార్లు మనిషి కోసం మారింది. ఏది దేనికోసం మారిందో తెలిస్తే, నొప్పి ఉన్న భుజానికి ఏ గిటారు అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

భుజానికీ పెట్టెకూ ఉన్న లంకె

గిటారులో కష్టమంతా వేళ్లదే అనుకుంటారు చాలామంది. నిజానికి వేళ్ల కంటే ముందు భుజం పనిలోకి దిగుతుంది. కుర్చీలో కూర్చుని గిటారును తొడ మీద పెట్టుకుంటే, కుడి చేయి పెట్టె పై అంచు దాటి కిందికి దిగి తీగల దగ్గరకు రావాలి. పెట్టె ఎంత వెడల్పుగా, ఎంత లోతుగా ఉంటే మోచేయి అంత పైకి లేస్తుంది, ఒంటికి అంత దూరం జరుగుతుంది. మోచేయి లేచిందంటే భుజం మోస్తున్నట్టే. పై అరలోని పప్పు డబ్బా కోసం చేయి ఎత్తి, అందుకోకుండా అలాగే పది నిమిషాలు నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఎడమ చేతి సంగతి వేరు. దానికి పెట్టెతో పెద్దగా పని లేదు, దండి పొడవుతో పని. మొదటి మెట్టు దగ్గర తీగ నొక్కాలంటే చేయి పక్కకు చాపాలి. దండి పొడవైన కొద్దీ, నేలకు సమాంతరంగా పట్టుకున్న కొద్దీ ఆ చాపడం పెరుగుతుంది. ఇక నిలబడి వాయిస్తే బరువంతా పట్టీ మీద పడుతుంది, ఆ పట్టీ సరిగ్గా కాలర్ బోన్ చివర, కీలు ఉన్న చోటే కూర్చుంటుంది.

భుజంలో మనకు నొప్పి తెప్పించే కీళ్లు ముఖ్యంగా రెండు. చేతి ఎముక తల గుంటలో తిరిగే పెద్ద కీలు ఒకటి, కాలర్ బోన్ చివర ఉండే చిన్న కీలు రెండోది. పెద్ద కీలులో మృదులాస్థి అరిగితే చేయి ఎత్తడం, వెనక్కి తిప్పడం కష్టమవుతుంది. జడ వేసుకోవడం, వెనక హుక్కులు పెట్టుకోవడం దగ్గర మనకు ముందుగా తెలిసిపోతుంది. చిన్న కీలులో అరుగుదల ఉంటే చేయి ఛాతీ ముందు నుంచి అవతలి పక్కకు చాపినప్పుడు పోటు వస్తుంది. ఈ రెండూ కాకుండా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఆడవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ ఉంది. అది అరుగుదల కాదు, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోవడం. చాలామందిలో నెలల మీద, ఏళ్ల మీద అది సడలుతుంది. అందుకే గిటారు షాపుకు వెళ్లే ముందు డాక్టరు దగ్గర మనది ఏ రకమో తేల్చుకోవాలి. మూడింటికీ మందు ఒకటి కానట్టే గిటారు కూడా ఒకటి కాదు.

చిన్న పెట్టెల కాలం

ఇప్పుడు సినిమాల్లో, కాలేజీ ఫంక్షన్లలో చూసే పెద్ద గిటారే అసలు గిటారని మనకు ముద్ర పడిపోయింది. 19వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో వాయించిన గిటార్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సన్నటి నడుము, చిన్న పెట్టె, పేగు తీగలు. ఇంటి హాల్లో పది మంది చుట్టూ కూర్చుంటే వినబడేంత గొంతు. దానికి అంతకంటే అవసరం కూడా ఉండేది కాదు.

వియన్నాలో స్టౌఫర్ అనే పేరున్న తయారీదారు దగ్గర పనిచేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో కొట్టు పెట్టాడు. కొన్నేళ్లకు పెన్సిల్వేనియాలోని నాజరెత్ ఊరికి మారాడు. ఆ కంపెనీ ఈనాటికీ అక్కడే ఉంది. వాళ్ల కొలతల లెక్క తమాషాగా ఉంటుంది. నంబరు పెరిగిన కొద్దీ గిటారు చిన్నదవుతుంది. రెండో నంబరు గిటారు పెట్టె అత్యంత వెడల్పైన చోట 12 అంగుళాలు. ఒకటో నంబరు 12 ముప్పావు. పాత ధరల పట్టికల్లో ఇలాంటి చిన్న కొలతలకు ఆడవారి సైజు అని రాసేవారు. ఆ రోజుల్లో అమెరికాలో గిటారు ఎక్కువగా ఇంటి హాల్లో ఆడవాళ్లు వాయించుకునే వాద్యం. అంటే చిన్న గిటారు అనేది పెద్ద గిటారు కొనలేనివాళ్ల కోసమో, పిల్లల కోసమో తర్వాత పుట్టినది కాదు. పెద్దదాని కంటే ముందు నుంచీ ఉన్నదే అది.

లండన్‌లో మేడం సిడ్నీ ప్రాటెన్ అనే ఆవిడ ఉండేది. చిన్నతనంలోనే కచేరీలు చేసి, తర్వాత దశాబ్దాల పాటు గొప్పింటి ఆడవాళ్లకు గిటారు నేర్పింది. విక్టోరియా రాణి కూతురు ప్రిన్సెస్ లూయీజ్ ఆమె శిష్యురాలే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎడమ చేతితో పెద్దగా శ్రమ పడకుండా ఉండేందుకు, తీగలను నేరుగా ఒక మేళానికి శ్రుతి చేసుకుని వాయించే పద్ధతి మీద ఆవిడ పాఠ్యపుస్తకం కూడా రాసింది. నేర్చుకునేవాళ్ల చేతికి తగ్గట్టు వాద్యాన్ని కొంచెం వంచడంలో తప్పేమీ లేదని ఆ గురువుగారికి 1800లలోనే తెలుసు.

స్పెయిన్‌లో దియోనీసియో అగ్వాదో ఇంకో దారి పట్టాడు. సోర్‌తో సమానంగా పేరు పొందిన విద్వాంసుడాయన. గిటారును ఒంటికి ఆనించకుండా పట్టుకునే మూడు కాళ్ల స్టాండు ఒకటి తయారు చేయించి, దాన్ని తన పాఠ్యపుస్తకంలో బొమ్మలతో సహా వివరించాడు. ఒంటికి ఆనకపోతే నాదం అణగదనేది ఆయన వాదన. బరువు మోసే పని, నిలబెట్టే పని స్టాండు చేస్తే చేతులు రెండూ వాయించడానికే మిగులుతాయన్నది మనకు కనబడే లాభం. ఆ స్టాండు జనంలో నిలవలేదు. తర్వాతి తరంలో తార్రెగా కాలానికి ఎడమ కాలి కింద చిన్న పీట పెట్టుకోవడం స్థిరపడింది. ఈ పీట పద్ధతిలో దండి ఏటవాలుగా పైకి లేస్తుంది కాబట్టి ఎడమ చేయి అంత దూరం చాపక్కర్లేదు. భుజం నొప్పి ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి కిటుకు ఇదే, దీనికి ఖర్చు కూడా లేదు.

హాలు అడిగింది, పెట్టె పెరిగింది

మరి గిటారు ఎందుకు పెద్దదైంది? ఒక్క మాటలో చెప్పాలంటే వినబడడం కోసం.

స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంతోనియో దె తోర్రెస్ (1817–1892) అనే వడ్రంగి గిటారు పెట్టెను పెంచి, పై పలకను పలచన చేసి, దాని కింద విసనకర్రలా బద్దీలు అమర్చాడు. శబ్దమంతా పై పలక నుంచే వస్తుందని చూపించడానికి 1862లో పక్కలు, అడుగు కాగితపు గుజ్జుతో చేసిన గిటారు కూడా తయారు చేశాడు. ఈనాటి క్లాసికల్ గిటారుకు ఆయన నమూనాయే ఆధారం. తీగ పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు అనే లెక్క కూడా ఆయన గిటార్ల నుంచే స్థిరపడింది. తోర్రెస్ గిటారు అప్పటికి పెద్దదే కానీ ఇంకా మనిషి ఒడిలో ఇమిడేదే.

అమెరికాలో ఆ పెరుగుదల ఆగలేదు. మార్టిన్ కంపెనీ ఒకటో నంబరు దాటి సున్నా, రెండు సున్నాలు, 1902లో మూడు సున్నాలు అంటూ పోయింది. మూడు సున్నాల పెట్టె 15 అంగుళాలు. బాంజోలు, ఫిడేళ్ల పక్కన గిటారు గొంతు మునిగిపోతుంటే పేగు తీగలు పోయి ఉక్కు తీగలు వచ్చాయి. 1916లో బోస్టన్‌లోని డిట్సన్ కంపెనీ కోసం మార్టిన్ వాళ్లు ఇంకా పెద్దది చేశారు. దానికి డ్రెడ్‌నాట్ అని పేరు పెట్టారు. అది 1906లో బ్రిటన్ నీట దింపిన భారీ యుద్ధనౌక పేరు. 1931 నుంచి దాన్ని తమ సొంత పేరుతో అమ్మారు. పెట్టె వెడల్పు 15 అంగుళాల పైన ఐదు ఎనిమిదో వంతులు, లోతు ఐదు అంగుళాలకు ఎనిమిదో వంతు తక్కువ. పాత ఆడవారి సైజుతో పోలిస్తే మూడున్నర అంగుళాలకు పైగా వెడల్పు పెరిగింది. దాదాపు ఒక అరచేయి వెడల్పు. మన మోచేయి ఎక్కి దాటాల్సింది ఆ అరచేతినే.

ఈనాడు మన ఊళ్లలో ఏ మ్యూజిక్ షాపుకు వెళ్లినా గోడకు వరుసగా వేలాడేవి చాలావరకు ఈ యుద్ధనౌక సంతానమే. నేను వెళ్లిన షాపులో కుర్రాడు కూడా "అందరూ ఇదే కొంటారు ఆంటీ" అని అదే చేతికిచ్చాడు. మూడు నిమిషాలకే భుజం చెప్పేసింది, ఇది నాకోసం చేసింది కాదని. మైకు లేని రోజుల్లో పెద్ద గుంపుకు వినిపించాల్సిన మగ గాయకుల అవసరం కోసం పెరిగిన ఆకారమది. రాత్రి తొమ్మిదిన్నరకు వంటిల్లు సర్ది, పడకగదిలో తనకోసం వాయించుకునే ఆడదానికి ఆ గొంతూ అక్కర్లేదు, ఆ పెట్టే అక్కర్లేదు.

ఒడిలో పడుకున్న గిటారు

భుజం నొప్పి ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన గిటారు ఇంకొకటుంది. దాన్ని ఒంటికి ఆనించి పట్టుకోరు, వీణ కుండను కాదు గానీ గోటువాద్యాన్ని పెట్టినట్టు అడ్డంగా పడుకోబెట్టి వాయిస్తారు. హవాయి దీవుల్లోని లాయె ఊరి కుర్రాడు జోసెఫ్ కెకుకు 1880లు ముగిసే రోజుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టాడని చెబుతారు. గిటారును ఒడిలో వెల్లకిలా పెట్టి, తీగలను వేళ్లతో నొక్కకుండా ఉక్కు కడ్డీని వాటి మీద జార్చడం. 1904లో ఆయన అమెరికాకు వెళ్లి కచేరీలు చేశాడు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో హవాయి సంగీతం అమెరికా అంతటా పిచ్చిలా పాకింది.

ఆ గాలి మన దేశానికీ వచ్చింది. సమోవాలో పుట్టి హవాయి సంగీతంతో లోకం తిరిగిన టౌ మో 1940లలో కుటుంబంతో సహా కలకత్తాలో ఉన్నాడు. తర్వాత హవాయి గిటారు మన సినిమా పాటల్లోకి, గ్రామఫోను రికార్డుల్లోకి వచ్చింది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని ఒడిలో పెట్టుకుని హిందుస్తానీ రాగాలు వాయించాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన చేసిన రికార్డు చాలా ఇళ్లలో మోగింది. విశ్వమోహన్ భట్ అదే గిటారుకు అదనపు తీగలు చేర్చి మోహనవీణ అని పేరు పెట్టుకున్నాడు.

భుజం కళ్లతో చూస్తే ఈ పద్ధతిలో గొప్పతనమేమిటంటే, దాటాల్సిన పెట్టె అంచే లేదు. రెండు మోచేతులూ చపాతీ పీట ముందు కూర్చున్నట్టు పక్కటెముకల దగ్గరే ఉంటాయి. చేయి బొత్తిగా లేవని ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు ఇదొక పూర్తి దారి, సర్దుబాటు కాదు. ఇంకో చిత్రం చూడండి. అమ్మకానికి వచ్చిన తొలి విజయవంతమైన ఎలక్ట్రిక్ గిటారు కూడా ఒడిలో పెట్టుకునేదే. 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్లు అమ్మిన ఆ అల్యూమినియం గిటారు గుండ్రటి చిన్న పెట్టెతో, పొడవాటి దండితో అచ్చం పెనంలా ఉంటుంది. దాని ముద్దు పేరు కూడా వేపుడు పెనమే.

కరెంటు వచ్చాక

కరెంటుతో పెద్ద మార్పు వచ్చింది. శబ్దం పెంచే పని స్పీకరు తీసుకుంది కాబట్టి పెట్టెకు పెద్దగా ఉండాల్సిన అగత్యం పోయింది. అయినా ఆ స్వేచ్ఛను మనిషి సుఖం కోసం వాడుకోవాలని తట్టడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1950 ప్రాంతంలో గట్టి చెక్క దిమ్మతో గిటారు చేశాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు, జీవితంలో నేర్చుకోనూ లేదు. ఆ గిటారు అంచులు పలకలా చదరంగా ఉండేవి. గంటల కొద్దీ వాయించేవాళ్లు వచ్చి పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది, ముంజేయి ఒరుసుకుపోతోంది అని మొత్తుకున్నారు. వాయించడం రాని ఆ మనిషి చేసిన మంచి పని, వాళ్ల మాట వినడం. 1954లో వచ్చిన స్ట్రాటోక్యాస్టర్‌లో కడుపుకు ఆనే చోట వెనక చెక్కను చెక్కేశారు, ముంజేయి వాలే చోట ముందు అంచును ఏటవాలు చేశారు. ఇవాళ ప్రపంచమంతా అందమనుకునే ఆ వంపులు ఒకరి పక్కటెముకల నొప్పి నుంచి వచ్చినవి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ లెస్ పాల్‌ది. 1948లో ఓక్లహోమాలో కారు ప్రమాదంలో ఆయన కుడి మోచేయి నుజ్జయింది. ఇక ఆ కీలు మడవడం, చాపడం ఉండదని డాక్టర్లు చెప్పారు. అలాగైతే గిటారు వాయించడానికి వీలయ్యే కోణంలో బిగించమని ఆయన అడిగాడు. వాళ్లు అలాగే బిగించారు. మిగిలిన 60 ఏళ్లూ ఆ చేత్తోనే వాయించాడు. ముసలితనంలో వేళ్లకు ఆర్థరైటిస్ వచ్చి చాలా వేళ్లు వంగకపోయినా, తొంభై దాటాక కూడా న్యూయార్క్‌లో ప్రతి సోమవారం రాత్రి కచేరీ చేసి, 2009లో 94వ ఏట పోయాడు. చదివినప్పుడు కళ్లు చెమర్చాయి నాకు. ఆ తర్వాత ఆలోచించాను. మనకు ఎప్పుడూ ఆదర్శంగా చెప్పేది ఇలాంటి కథలే కదా, మనిషి తన ఎముకనే వాద్యానికి తగ్గట్టు బిగించుకున్న కథలు. దండం పెట్టాల్సిన పట్టుదలే అది. కానీ అందరూ అలాగే చేయాలనేది న్యాయం కాదు. ఆయన పేరుతో 1952లో వచ్చిన గిటారు బరువు నాలుగు కిలోలు అటూ ఇటూ. నొప్పి ఉన్న భుజానికి పట్టీతో వేలాడదీసే వస్తువు కాదది.

వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నవాడు మన పాలకొల్లు బిడ్డ కూడా ఉన్నాడు. మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) జంట తీగల మాండలిన్‌తో గమకాలు పలకవని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించాడు. అది మాండలినే కాదన్నవాళ్లు ఉండే ఉంటారు. విన్నవాళ్లకు ఆ గొడవ గుర్తుకు రాలేదు.

ముగ్గురు ఆడవాళ్లు

ఎలిజబెత్ కాటన్ 1890లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి ఆడపిల్ల. చిన్న వయసులోనే ఇళ్లలో పని చేసి కూడబెట్టిన డబ్బుతో మూడు డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటారు కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల గిటారునే తిరగేసి పట్టుకుని, బొటనవేలితో పాటను, మిగతా వేళ్లతో మంద్రాన్ని వాయించింది. పెళ్లయ్యాక, చర్చి వాళ్ల మాట మీద గిటారు వదిలేసింది. దశాబ్దాల తర్వాత సంగీతజ్ఞులైన సీగర్ దంపతుల ఇంట్లో పనిమనిషిగా ఉన్నప్పుడు గోడకున్న గిటారు మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొదటి రికార్డు అరవై దాటాక 1958లో వచ్చింది. 1985లో గ్రామీ అందుకునేనాటికి తొంభై దాటింది. ఆమె తిరగేసి వాయించిన తీరుకు ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. చేతకానితనంలా కనిపించినదే ఒక బాణీ అయింది.

కెనడా గాయని జోనీ మిచెల్‌కు తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఎడమ చేయి బలహీనపడింది, గిటారు మీద అందరూ పట్టే కష్టమైన పట్లు ఆమెకు కుదరలేదు. తీగల శ్రుతినే మార్చుకుంది. ఒక్కో పాటకు ఒక్కో శ్రుతి, పదుల కొద్దీ శ్రుతులు. ఆమె పాటలకు వచ్చిన ఆ వింత సౌందర్యానికి మూలం ఆ సర్దుబాటే. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి మాట, నడక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. తన పాత వీడియోలు చూసి వేళ్లు ఎక్కడ పెట్టాలో నేర్చుకుని, 2022లో న్యూపోర్ట్ ఉత్సవంలో 78 ఏళ్ల వయసులో గిటారు వాయించింది.

మూడో ఆవిడ వాయించేది కాదు, తయారు చేసేది. కెనడాకు చెందిన లిండా మాంజర్. 1984లో ప్యాట్ మెథీనీ కోసం 42 తీగల గిటారు ఒకటి చేసింది. అంత పెద్ద వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని వాయించేదెలా అన్న ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు, పెట్టెను చీలలా చేయడం. మోచేయి వాలే పక్క పలచగా, తొడ మీద ఆనే పక్క మందంగా. లోపల గాలి చోటు తగ్గదు కాబట్టి నాదం తగ్గదు, చేయి మాత్రం కిందికి దిగుతుంది. తర్వాత మామూలు గిటార్లకు కూడా ఆ పద్ధతి వచ్చింది, ఇతర తయారీదారులూ అందుకున్నారు. వందేళ్లు పెరుగుతూ పోయిన పెట్టెను, నాదం పోకుండా మోచేతి దగ్గర తగ్గించి చూపింది ఒక ఆడది.

మరి ఏది కొనాలి?

ఇంత చరిత్ర చెప్పి గిటారు సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. నాకు అర్థమైనది ఇది.

నొప్పి కుడి భుజంలో ఉంటే పెట్టె చూడండి. వెడల్పు 13, 14 అంగుళాలు దాటకుండా, లోతు నాలుగు అంగుళాల లోపు ఉన్నది అడగండి. పార్లర్ అనో, సున్నా సైజు అనో, థిన్ బాడీ అనో అంటారు. మోచేయి వాలే అంచు ఏటవాలుగా చెక్కినది దొరికితే అదృష్టం. కాలర్ బోన్ చివరి కీలు నొప్పి అయితే చేయి ఛాతీకి అడ్డంగా పోకుండా గిటారును కాస్త కుడి పక్కకు జరిపి కూర్చుని చూడండి.

నొప్పి ఎడమ భుజంలో ఉంటే దండి చూడండి. తీగ పొడవు 65 సెంటీమీటర్ల బదులు 58, 60 ఉన్నవి ఉంటాయి. కాలి కింద పీట పెట్టుకుని దండిని పైకి లేపండి. పిల్లల గిటారులా ఉందని ఎవరన్నా అంటే, మీ ముత్తవ్వ కాలంలో అదే అసలు సైజని చెప్పండి.

ఎటు పక్క నొప్పైనా నైలాన్ తీగలు మేలు. ఉక్కు తీగల కంటే లాగుడు చాలా తక్కువ, గట్టిగా నొక్కే పని లేక భుజం బిగుసుకోదు. ఎలక్ట్రిక్ గిటారు ఇష్టమైతే మూడు కిలోల లోపుది, అంచులు చెక్కినది తీసుకుని కూర్చునే వాయించండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్క గదిలో పరీక్షలకు చదివే పిల్లలకూ ఇబ్బంది లేదు. చేయి అసలే లేవకపోతే ఒడి గిటారు ఉండనే ఉంది.

షాపులో నిలబడి రెండు తీగలు మీటి డబ్బు కట్టేయకండి. కుర్చీ అడిగి, పావుగంట ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. నాదం బాగుందా అని తర్వాత చూడొచ్చు, ముందు భుజం చెవి వైపు లేస్తోందా అని చూసుకోండి. లేస్తుంటే అది మీ గిటారు కాదు. ఇంట్లో కూడా పావుగంట వాయించి ఆపి, చేతులు వేలాడదీసి, మళ్లీ మొదలుపెట్టడం మంచిది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలలేనంత నొప్పి వస్తే ఆ వారం డాక్టరు మాటే వినాలి.

నేను నైలాన్ తీగల పలచటి చిన్న గిటారు తీసుకున్నాను. దాని గొంతు మా హాలు దాటదు. మా అత్తయ్య చూసి, "ఇంత చిన్నదేమిటే, పెద్దది లేదా?" అన్నారు. "ఉంది అత్తయ్యా, నా భుజానికి ఇది సరిపోతుంది" అన్నాను. ఆవిడ తన మోకాళ్ల కోసం పూజ గదిలో పీట తీయించి కుర్చీ వేయించుకున్న మనిషి. ఇంకేమీ అడగలేదు, కూర్చుని విన్నారు.